జ్వాలాపురం బూడిదకు 74 వేల ఏళ్లని ఎలా తేల్చారు?

బనగానపల్లె_బడి (ఆదివారం, రాత్రి 9.10)

అందరికీ నమస్కారం. నేను హైస్కూల్లో సాంఘికశాస్త్రం చెబుతాను. మొన్న శనివారం తొమ్మిదో తరగతి పిల్లల్ని జ్వాలాపురం తీసుకెళ్లాను. తెలియనివాళ్ల కోసం చెబుతున్నా, ఇది పాత కర్నూలు జిల్లా, ఇప్పటి నంద్యాల జిల్లా. యాగంటికి దగ్గర్లో జుర్రేరు లోయలో ఉంటుంది. పొలాల మధ్య తెల్లటి గోతులు కనిపిస్తాయి. ఆ తెలుపు సున్నమూ కాదు, సుద్దా కాదు. సుమత్రా దీవిలో టోబా అగ్నిపర్వతం పేలినప్పుడు సుమారు 2,600 కిలోమీటర్ల దూరం గాల్లో వచ్చి పడిన బూడిద. గిన్నెలు తోమే పొడిలో కలపడానికి దీన్ని చాలాకాలం తవ్వి అమ్ముకున్నారు.

పిల్లలు గుప్పెట్లోకి తీసుకుని నలిపి చూశారు. పౌడరులా మెత్తగా ఉంటుంది కానీ, వేళ్ల మధ్య సన్నగా గరగరలాడుతుంది. ఇది 74 వేల ఏళ్ల కిందటిదని చెప్పగానే ఒక అమ్మాయి అడిగింది: "సార్, ఆ లెక్క ఎవరు పెట్టారు? మట్టిలో ఎక్కడ రాసి ఉంది?" నేను కార్బన్ డేటింగ్ అని చెప్పాను. ఇంటికొచ్చాక అది తప్పేమోనని అనుమానం మొదలైంది. సోమవారం క్లాసులో సరిగ్గా చెప్పాలి. తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరా?

గాజుముక్క (ఆదివారం, రాత్రి 9.48)

మాస్టారూ, మంచి ప్రశ్న అడిగిన ఆ అమ్మాయికి ముందు నా అభినందనలు చెప్పండి. నేను అగ్నిపర్వత బూడిదల మీదే పీహెచ్‌డీ చేశాను, ఇప్పుడు బ్రిటన్‌లో ఉంటున్నాను.

కార్బన్ డేటింగ్ ఇక్కడ రెండు కారణాల వల్ల కుదరదు. ఒకటి, కార్బన్-14 ప్రతి 5,730 ఏళ్లకు సగమైపోతుంది. 74 వేల ఏళ్లంటే దాదాపు పదమూడు సార్లు సగమవ్వాలి. మొదట ఉన్నదాంట్లో ఎనిమిది వేలల్లో ఒక వంతు మిగులుతుంది. ఆ కాస్త మిగులులో చిటికెడు కొత్త కార్బన్ కలిసినా లెక్క మొత్తం తారుమారవుతుంది. అందుకే సుమారు 50 వేల ఏళ్లు దాటితే ఆ పద్ధతి జోలికి ఎవరూ వెళ్లరు. రెండోది, బూడిదంటే గాజు. అందులో ఒకప్పుడు బతికి చచ్చిన పదార్థం ఏదీ లేదు.

అయితే మీరు పూర్తిగా తప్పు చెప్పారని కూడా కాదు. అదే జ్వాలాపురంలో తొమ్మిదో నంబరు తవ్వకం ఒక రాతి చరియ కింద జరిగింది. అక్కడ దొరికిన చిన్న రాతి పలుకుల పనిముట్లకు సుమారు 35 వేల ఏళ్లని తేల్చింది కార్బన్-14తోనే, నత్తగుల్లల మీద. ఒకే ఊళ్లో రెండు తవ్వకాలు, రెండు వేర్వేరు గడియారాలు.

సున్నపురాయి (ఆదివారం, రాత్రి 10.30)

నేను రిటైరైన జియాలజిస్టుని. కర్నూలు సున్నపురాయి మీద నడిచి నడిచి చెప్పులు అరగదీసుకున్నవాణ్ని. 74 వేలు అన్న అంకె ప్రధానంగా ఎక్కడి నుంచి వచ్చిందో నేను చెబుతాను.

దాన్ని ఆర్గాన్ పద్ధతి అంటారు. పొటాషియంలో కొద్దిపాటి భాగం రేడియోధార్మికమైన పొటాషియం-40. దాని అర్ధాయువు 125 కోట్ల ఏళ్లు. విచ్ఛిన్నమయ్యే వాటిలో పదింట తొమ్మిది వంతులు కాల్షియం అవుతాయి, సుమారు ఒక వంతు ఆర్గాన్ వాయువు అవుతుంది. మాగ్మా కుతకుత ఉడుకుతున్నప్పుడు ఆ వాయువు బయటికి పోతూనే ఉంటుంది. పేలి చల్లారిందా, అప్పటి నుంచి పుట్టిన ఆర్గాన్ స్ఫటికంలోనే చిక్కుకుంటుంది. ఆ చిక్కుకున్నది ఎంతో కొలిస్తే చల్లారి ఎంతకాలమైందో తెలుస్తుంది.

వినడానికి సులువుగా ఉంది కదా. ఇప్పుడు ఈ లెక్క చూడండి. 74 వేల ఏళ్లలో ప్రతి పది లక్షల పొటాషియం-40 అణువుల్లో విచ్ఛిన్నమయ్యేవి సుమారు 41. వాటిలో ఆర్గాన్‌గా మారేవి నాలుగైదు. పైగా గాలి నిండా ఆర్గానే ఉంది. మనం పీల్చే గాలిలో నూటికి ఒక పాలు అదే. ఆ గాలి ఆర్గాన్‌ను తీసేసి, ఈ నాలుగైదింటిని లెక్కపెట్టాలి. నా ఉద్యోగం తొలిరోజుల్లో ఇంత చిన్న వయసు రాళ్లకు ఈ పద్ధతి వాడితే వచ్చే అంకెను నమ్మడానికి భయపడేవాళ్లం.

పాత పద్ధతిలో, అంటే పొటాషియం-ఆర్గాన్‌లో, పొటాషియం ఒక ముక్కలో, ఆర్గాన్ ఇంకో ముక్కలో కొలవాలి. ఇప్పుడు వాడే ఆర్గాన్-ఆర్గాన్‌లో నమూనాను ముందు అణు రియాక్టరులో పెడతారు. న్యూట్రాన్ల దెబ్బకు పొటాషియంలో కొంత భాగం ఆర్గాన్-39గా మారుతుంది. ఇక తల్లినీ (పొటాషియం) పిల్లనూ (ఆర్గాన్) ఒకే వాయువులో, ఒకే గింజలో కొలవొచ్చు. లేజరుతో ఒక్కో గింజను విడిగా కరిగించొచ్చు కూడా. ఈ 'ఒక్కో గింజ' అన్న మాట గుర్తుపెట్టుకోండి, తర్వాత అవసరమవుతుంది.

2012లో మలేషియాలోని లెంగాంగ్ లోయలో దొరికిన టోబా బూడిద నుంచి సానిడిన్ అనే ఫెల్డ్‌స్పార్ స్ఫటికాలు ఏరి కొలిస్తే 73,880 ఏళ్లు, 320 అటూ ఇటుగా, అని వచ్చింది. 2014లో ఇంకో బృందానికి 75,000, 900 అటూ ఇటుగా వచ్చింది. మన పుస్తకాల్లో కనిపించే 74 వేలు ఇలాంటి కొలతల నుంచి వచ్చిందే.

కొత్తసభ్యుడు_ఓయూ (ఆదివారం, రాత్రి 11.05)

సార్, నేను ఎమ్మెస్సీ మొదటి ఏడాది. జిర్కాన్ అనే స్ఫటికంలో యురేనియం ఎంత సీసంగా మారిందో కొలిచే యురేనియం-సీసం పద్ధతే అన్నిటికన్నా నమ్మకమైనదని మా క్లాసులో చెప్పారు. మరి టోబాకు అది వాడకుండా ఆర్గాన్ ఎందుకు వాడారు?

గాజుముక్క (సోమవారం, ఉదయం 5.20)

తమ్ముడూ, మీ క్లాసులో చెప్పింది నిజమే. కోట్ల ఏళ్ల బూడిదలకు జిర్కాన్‌ను మించింది లేదు. ఎంత వేడెక్కినా సీసాన్ని వదలదు, రెండు యురేనియం ఐసోటోపులు ఉన్నాయి కాబట్టి ఒకదానితో ఇంకోదాన్ని సరిచూసుకోవచ్చు. కానీ ఆ మొండితనమే ఇక్కడ ఇబ్బంది పెడుతుంది. జిర్కాన్ గడియారం మొదలయ్యేది స్ఫటికం పుట్టినప్పుడు. పేలినప్పుడు కాదు.

టోబా మాగ్మా భూమి కింద చాలాకాలం ఉంది. అందులో పెరిగిన అల్లనైట్ అనే ఖనిజపు గింజల్లో చెట్టుకు వలయాలున్నట్టు పొరలుంటాయి. లోపలి పొరలు కొన్నిటి వయసు పేలుడు కన్నా లక్ష ఏళ్లకు పైగా ఎక్కువ! వాటిని నమ్ముకుంటే పేలుడు తేదీ అడిగినవాడికి పురుడు తేదీ చెప్పినట్టు అవుతుంది. 6 కోట్ల ఏళ్ల బూడిదకు ఈ లక్ష ఏళ్లు లెక్కలోకి రావు. 74 వేల ఏళ్ల దానికి లెక్క మొత్తం అదే. సానిడిన్ సంగతి వేరు. మాగ్మా వేడిలో ఉన్నంతసేపూ దాని ఆర్గాన్ బయటికి పోతూ ఉంటుంది కాబట్టి దాని గడియారం పేలుడుతోనే మొదలవుతుంది.

నా విద్యార్థులకు ఎప్పుడూ చెప్పేది ఒకటే. ఏ పద్ధతి మంచిదని ముందే అడగొద్దు. ఈ గడియారం ఏ క్షణాన మొదలైందని అడగండి.

ఎర్రమట్టి (సోమవారం, ఉదయం 8.15)

గాజుముక్క గారు చెప్పిన ఆ ప్రశ్ననే నా వైపు నుంచి కొనసాగిస్తాను. నేను పనిచేసేది ఓఎస్ఎల్ మీద, అంటే కాంతితో వయసు తేల్చే పద్ధతి. మేము బూడిద వయసు చెప్పం. దాని కింద, పైన ఉన్న ఇసుక గింజలు ఆఖరిసారి ఎప్పుడు ఎండ చూశాయో చెబుతాం.

క్వార్ట్జ్ గింజ మట్టిలో పూడుకుపోగానే చుట్టూ ఉన్న మట్టి నుంచి రేడియేషన్ కొద్దికొద్దిగా తగులుతూ ఉంటుంది. ఆ శక్తి గింజ లోపల ఎలక్ట్రాన్ల రూపంలో పేరుకుంటుంది. ల్యాబులో కాంతి పడేస్తే అదంతా ఒక్కసారిగా వెలుగై బయటికి వస్తుంది. ఎంత వెలుగు వచ్చిందో చూసి, ఏడాదికి ఎంత పేరుకుంటుందో లెక్క కట్టి, భాగిస్తే ఏళ్లు తెలుస్తాయి.

చెప్పడం తేలిక, చేయడం కష్టం. గోతి గోడను గీకి శుభ్రం చేసి, స్టీలు పైపును సుత్తితో లోపలికి దిగగొడతాం. బయటికి తీయగానే రెండు చివర్లా మూతలు బిగించి, నల్ల పాలిథిన్ చుట్టేస్తాం. ఒక్క క్షణం ఎండ తగిలినా ఆ గింజకు వయసు సున్నా. ల్యాబులో మసక ఎర్ర బల్బు కింద పని. మొదటిసారి లోపలికి వెళ్లినప్పుడు కళ్లు అలవాటుపడటానికి పది నిమిషాలు పట్టింది నాకు. అలా నెలలు కష్టపడి తెచ్చిన ఒక నమూనా, మట్టిలో తేమ ఎంతో సరిగా రాసుకోనందుకు పనికిరాకుండా పోయింది. నీళ్లు రేడియేషన్‌ను అడ్డుకుంటాయి. తేమ లెక్క తప్పితే వేల ఏళ్లు తేడా వస్తుంది. ఆ పైపును పారేయలేక ఇప్పటికీ నా బల్ల సొరుగులోనే ఉంచుకున్నాను.

జ్వాలాపురంలో 2007లో వచ్చిన లెక్కలు ఇవి. బూడిద కింద మట్టికి 77 వేలు, 6 వేలు అటూ ఇటుగా. పైన మట్టికి 74 వేలు, 7 వేలు అటూ ఇటుగా. మైకేల్ పెట్రాగ్లియా, ధార్వాడ్ కర్ణాటక విశ్వవిద్యాలయానికి చెందిన రవి కోరిశెట్టర్ బృందం చేసిన పని అది. ఆ రెండు పొరల్లోనూ రాతి పనిముట్లు దొరికాయి, తీరులో పెద్ద తేడా లేదు. అంత పెద్ద పేలుడు తర్వాత కూడా ఆ లోయలో మనుషులు ఉన్నారని వాళ్లు వాదించింది అందుకే.

కొత్తసభ్యుడు_ఓయూ (సోమవారం, ఉదయం 8.40)

అన్నా, ఒక డౌటు. 77కి 6 అటూ ఇటు అంటే 71 నుంచి 83. 74కి 7 అటూ ఇటు అంటే 67 నుంచి 81. రెండూ ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి కదా. అలాంటప్పుడు ముందు, తర్వాత అని ఎలా చెప్పగలరు?

ఎర్రమట్టి (సోమవారం, మధ్యాహ్నం 1.10)

తమ్ముడు సరిగ్గా పట్టుకున్నాడు. నిజమే, ఓఎస్ఎల్ అంకెలు మాత్రమే చూస్తే ఏది ముందో చెప్పలేం. చెబుతున్నది అంకెలు కాదు, పొరలు. కింద ఉన్నది ముందు, పైన ఉన్నది తర్వాత. మధ్యలో దాదాపు రెండున్నర మీటర్ల బూడిద గోడలా నిలబడి ఉంది. దాని తేదీ ఆర్గాన్ ఇచ్చింది. మా ఓఎస్ఎల్ చేసే పని, కింద మట్టి లక్షన్నర ఏళ్ల పాతది కాదనీ, పైది ముప్పై వేల ఏళ్ల కొత్తది కాదనీ భరోసా ఇవ్వడం. బూడిదకు ఆనుకుని ఉన్న మట్టే అని తేల్చడం. అంతవరకే.

పేలిన మరుసటి ఏడాదే మనుషులు తిరిగి వచ్చారా, రెండు వేల ఏళ్లకు వచ్చారా అన్నది మా పద్ధతి చెప్పలేదు. చెప్పగలదని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. మధ్యప్రదేశ్‌లో సోన్ లోయలోని ధాబా దగ్గర 2020లో ఫెల్డ్‌స్పార్ మీద ఇన్‌ఫ్రారెడ్ కాంతితో చేసిన పని 80 వేల నుంచి 65 వేల ఏళ్ల దాకా పనిముట్ల వరుస కొనసాగిందని చూపింది. అది జ్వాలాపురం వాదనకు బలమే. కానీ అక్కడా అటూ ఇటూ వేల ఏళ్లే.

సున్నపురాయి (సోమవారం, సాయంత్రం 6.00)

'ఒక్కో గింజ' గుర్తుపెట్టుకోమన్నాను కదా. ఇప్పుడు బోరి కథ చెబుతాను. మహారాష్ట్రలో కుక్డీ నది ఒడ్డున ఉన్న ఊరు బోరి. అక్కడా ఇలాంటి బూడిదే ఉంది, చేతిగొడ్డళ్ల కాలపు పనిముట్లతో. 1989లో పొటాషియం-ఆర్గాన్‌తో కొలిస్తే సుమారు 14 లక్షల ఏళ్లు వచ్చింది. దేశమంతా ఉలిక్కిపడింది. మన దేశంలో మనిషి చరిత్ర అంత వెనక్కి పోతుందా అని. 1995లో ఆర్గాన్-ఆర్గాన్‌తో చూస్తే 6.7 లక్షలు. ఈలోగా, కాదు, ఇదీ 74 వేల ఏళ్ల టోబా బూడిదే అని మరికొందరు. ఒకే బూడిదకు మూడు వయసులు! ఆ రోజుల్లో సెమినార్లలో గొంతులు పెరిగేవి. చివరి వరుసలో కూర్చుని విన్నవాణ్ని నేను.

బోరి ఉన్నది దక్కన్ నల్లరాతి మీద. ఆ రాయి వయసు సుమారు 6.6 కోట్ల ఏళ్లు. బూడిద నదిలో కొట్టుకొచ్చి పేరుకున్నప్పుడు నల్లరాతి గింజలు అందులో కలవవా? నేను వేసుకున్న చిన్న లెక్క ఇది. నమూనాలోని పొటాషియంలో నూటికి 98 వంతులు బూడిదది, 2 వంతులు మాత్రమే దక్కన్ రాతిది అనుకోండి. 6.6 కోట్లలో 2 శాతం అంటే 13.2 లక్షలు. బూడిద వాటా సుమారు 72 వేలు. మొత్తం 14 లక్షలకు దగ్గరగా వస్తుంది. కుండెడు పాలల్లో రెండు చుక్కల చింతపండు పులుసు పడితే చాలదూ! అక్కడ జరిగింది కచ్చితంగా ఇదే అని నేను అనడం లేదు. గుప్పెడు బూడిద మొత్తాన్ని ఒకేసారి కరిగించి కొలిస్తే ఎంత చిన్న కల్తీ ఎంత పెద్ద అబద్ధం చెప్పగలదో చూడమంటున్నాను.

మన జ్వాలాపురం చుట్టూ దక్కన్ రాయి లేదు కానీ అంతకన్నా ఎన్నో రెట్లు ముసలి కర్నూలు రాళ్లున్నాయి. ఇక్కడ కల్తీ పడితే అబద్ధం ఇంకా పెద్దది. అందుకే గింజ గింజా ఏరాలి.

గాజుముక్క (సోమవారం, రాత్రి 9.30)

సున్నపురాయి గారూ, మీరు ఆ గదిలో ఉన్నారని తెలిసి ఒళ్లు పులకరించింది. మేం ఆ కథ పేపర్లలో చదివి పెరిగినవాళ్లం. బోరి గొడవ తేల్చడంలో ముందున్నది మా గాజువాళ్లే కాబట్టి ఇక్కడి నుంచి నేను అందుకుంటాను.

మాస్టారూ, మీ పిల్లలు గుప్పెట్లో నలిపిన ఆ పొడిని మైక్రోస్కోపు కింద పెడితే ఏం కనిపిస్తుందో చెప్పనా? రంగులేని, కత్తిలాంటి అంచులున్న గాజు పెంకులు. కొన్ని వంపు తిరిగి పగిలిన బల్బు ముక్కల్లా ఉంటాయి, కొన్ని మూడు కాళ్ల చుక్కల్లా. మాగ్మాలో గ్యాసు బుడగలు ఉబ్బి, వాటి గోడలు పగిలితే వచ్చిన ముక్కలవి. మూడు బుడగలు కలిసే మూల దగ్గర మూడు కాళ్ల ముక్క తయారవుతుంది. వేళ్ల మధ్య గరగరలాడింది ఆ అంచులే. గిన్నెలు తోమడానికి పనికొచ్చిందీ అందుకే.

ఆ పెంకు ఒక్కోదాని రసాయన కూర్పు కొలుస్తాం. సిలికా, పొటాషియం లాంటివి ఎలక్ట్రాన్ మైక్రోప్రోబుతో, బేరియం, స్ట్రాన్షియం, ఇట్రియం లాంటి సూక్ష్మ మూలకాలు లేజరుతో. ఏ అగ్నిపర్వతపు ఏ పేలుడుకైనా దాదాపు వేలిముద్రలాంటి కూర్పు ఉంటుంది. 1998లో వెస్ట్‌గేట్ బృందం, 2014లో పియర్స్ బృందం మన దేశంలో దొరికిన టోబా బూడిదలన్నిటినీ, బోరితో సహా, ఇలా పరీక్షించి అన్నీ ఆఖరి టోబా పేలుడువే అని తేల్చారు. ఈ పద్ధతిలో ఒక గింజ కల్తీదైతే దాని కూర్పే దాన్ని పట్టిస్తుంది. గుంపులో కలిసి దాక్కోలేదు.

ఒక జాగ్రత్త కూడా చెప్పాలి. మాది వయసు చెప్పే పద్ధతి కాదు, ఊరు పేరు చెప్పే పద్ధతి. ఈ గాజు, ఆ గాజు ఒకటే అంటాం. వయసును ఆర్గాన్ దగ్గర అప్పు తీసుకుంటాం. ఆర్గాన్‌కు పెద్ద స్ఫటికాలు కావాలి, అవి అగ్నిపర్వతం దగ్గర్లోనే పడతాయి. 2,600 కిలోమీటర్లు ఎగిరొచ్చేది చాలావరకు సన్నటి గాజే. అక్కడ తేలిన వయసును ఇక్కడికి మోసుకొచ్చే బండి మా రసాయనం. 2014లో ఆర్గాన్ చేసినవాళ్లు మాత్రం దక్షిణ భారత బూడిదలోని స్ఫటికాల మీద కూడా కొలిచి, అదే పేలుడని నేరుగా చూపారు. ఆ పేపరు చదివిన రోజు నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

గాజుకు సొంత గడియారం ఒకటుంది, ఫిషన్ ట్రాక్. గాజులోని యురేనియం అణువు ఎప్పుడో ఒకటి తనంతట తానే రెండుగా చీలి, గాజులో సన్నటి గీత గీస్తుంది. ఆమ్లంతో కడిగితే ఆ గీత మైక్రోస్కోపులో కనిపించేంత పెద్దదవుతుంది. ఆఖరి టోబా గాజులో చదరపు సెంటీమీటరుకు నూరు చుట్టుపక్కల గీతలుంటాయి. సుమారు 8 లక్షల ఏళ్ల నాటి పాత టోబా పేలుడు గాజులో పదింతలకు పైనే. అంత తేడా ఉంటే పొరబాటు పడే అవకాశం తక్కువ. చిక్కేమిటంటే గాజులో ఈ గీతలు మామూలు వేడికే నెమ్మదిగా మాసిపోతాయి, అప్పుడు వయసు తక్కువ చూపిస్తుంది. దాన్ని సరిదిద్దడానికి గాజును 150 డిగ్రీల దగ్గర నెల రోజులు వేడి చేసే పద్ధతి ఒకటి కనిపెట్టారు.

గోదారి_గట్టు (సోమవారం, రాత్రి 10.15)

రాజమండ్రి నుంచి ఒక చిన్న మాట. మా కాతేరు, పంగిడి క్వారీల్లో కనిపించే నల్లరాయి కూడా దక్కన్ లావాయే, పడమటి నుంచి ఇంత దూరం పారి వచ్చింది. డైనోసార్లు పోయిన కాలానిది. దక్కన్ లావా పొరల మధ్య ఎర్రటి మట్టి పట్టీలు ఉంటాయి చూశారా, వాటిలో కలిసిన బూడిద నుంచి జిర్కాన్లు ఏరి ఒక బృందం వయసు కట్టింది. లావా మీదే ఆర్గాన్‌తో ఇంకో బృందం కట్టింది. 2019లో రెండూ ఒకేసారి అచ్చయ్యాయి. మొత్తం కాలం దాదాపు ఒకటే, కానీ ఏ వెయ్యేళ్లలో ఎంత లావా పారిందన్న దగ్గర తేడా పడ్డారు. అంటే 6.6 కోట్ల ఏళ్ల దగ్గర కూడా రెండు గడియారాలు కలవడం ఇంకా పూర్తిగా కుదరలేదు.

కొత్తసభ్యుడు_ఓయూ (సోమవారం, రాత్రి 10.40)

మరి ఆర్గాన్ గడియారం నిజం చెబుతుందని ఎలా నమ్మాలి? ఎవరూ చూడని తేదీలే కదా అన్నీ.

సున్నపురాయి (మంగళవారం, ఉదయం 6.10)

చూసిన తేదీ ఒకటుంది బాబూ. ఇటలీలో వెసూవియస్ క్రీ.శ. 79లో పేలి పాంపే నగరాన్ని పూడ్చేసింది. ఆ బూడిదలోని సానిడిన్ మీద 1997లో బర్క్‌లీ వాళ్లు ఆర్గాన్-ఆర్గాన్ చేశారు. వచ్చింది 1,925 ఏళ్లు, 94 అటూ ఇటుగా. అసలు లెక్క 1,918. రెండు వేల ఏళ్లకే అంత దగ్గరగా చెప్పగలిగింది.

తప్పిన కథ కూడా తెలియాలి. కెన్యాలో కూబీ ఫోరా దగ్గర కేబీఎస్ అనే బూడిద పొర ఉంది. 1969లో పొటాషియం-ఆర్గాన్‌కు పంపిన మొదటి నమూనాకు 22 కోట్ల ఏళ్లు వచ్చింది! పాత రాళ్ల గింజలు కలిశాయని తేల్చి, శుభ్రమైన స్ఫటికాలు ఏరితే 26 లక్షలు. దాని మీద ఒక గొప్ప ఆదిమానవ పుర్రె వయసు ఆధారపడి ఉంది. అయితే పందుల శిలాజాలు చూసేవాళ్లు ఒప్పుకోలేదు. పక్కన ఇథియోపియాలో ఓమో దగ్గర సరిగ్గా అలాంటి పంది పళ్లు 20 లక్షల లోపు పొరల్లోనే ఉన్నాయని పట్టుబట్టారు. చివరికి వేరే ల్యాబుల్లో ఆర్గాన్, జిర్కాన్ ఫిషన్ ట్రాక్ రెండూ 19 లక్షల దగ్గర కలిశాయి. దాదాపు పదేళ్ల గొడవ. అక్కడ నెగ్గింది పంది పళ్లు. ఆ కథ తలచుకున్నప్పుడల్లా నాకు చేతులు జోడించాలనిపిస్తుంది, ఎవరి పరికరాన్నీ గుడ్డిగా నమ్మని ఆ మనుషులకు.

బనగానపల్లె_బడి (మంగళవారం, సాయంత్రం 5.30)

పెద్దలందరికీ ధన్యవాదాలు. నిన్న క్లాసులో మొదట నేను చెప్పింది తప్పని చెప్పి, బోర్డు మీద నాలుగు గడియారాలు గీశాను. స్ఫటికం పుట్టినప్పుడు మొదలయ్యేది, చల్లారినప్పుడు మొదలయ్యేది, మట్టిలో పూడుకున్నప్పుడు మొదలయ్యేది, ప్రాణం పోయినప్పుడు మొదలయ్యేది. పిల్లలకు బాగా పట్టింది.

ఆ అమ్మాయి మళ్లీ లేచింది. "సార్, ఒక్కసారి పేలితే గోతిలో ఇంత మందం బూడిద ఎలా పడింది? మా ఇంటి మీద కూడా అంతే పడేదా?" అంది. రెండున్నర మీటర్లంటే మా క్లాసు తలుపు కన్నా ఎత్తు. నాకూ అర్థం కాలేదు.

ఎర్రమట్టి (మంగళవారం, రాత్రి 8.00)

ఆ అమ్మాయిని వదలకండి మాస్టారూ, మంచి బుర్ర. ఆకాశం నుంచి నేరుగా పడింది అడుగున కొన్ని సెంటీమీటర్లే. మిగతాదంతా చుట్టూ గట్ల మీద పడిన బూడిద వానలకు కొట్టుకొచ్చి ఆ పల్లంలో పేరుకున్నది. ఇంటి మీద పడేది నాలుగు వేళ్ల మందం. దానికే పైకప్పులు, పంటలు, చెరువులు ఏమయ్యేవో ఊహించమనండి.

వయసు కట్టేటప్పుడు ఇది చాలా ముఖ్యం. పై బూడిద అదే గాజు, అదే వేలిముద్ర. కానీ అక్కడికి కొట్టుకొచ్చింది ఎప్పుడో గాజు చెప్పదు. పేలిన ఏడాదే కావచ్చు, వందల ఏళ్లకు కావచ్చు. బూడిద పైన దొరికిన పనిముట్లు పేలుడుకు ఎంత తర్వాతివి అన్న వాదనంతా ఇక్కడే నలుగుతోంది.

కొత్తసభ్యుడు_ఓయూ (మంగళవారం, రాత్రి 8.25)

గ్రీన్‌లాండ్ మంచులో ఏడాదికో పొర ఉంటుంది కదా, అక్కడ చూస్తే ఏ ఏడాదో తేలిపోదా?

గాజుముక్క (మంగళవారం, రాత్రి 11.50)

చూశారు తమ్ముడూ. అగ్నిపర్వతాలు వదిలే గంధకం మంచులో సల్ఫేటుగా చేరుతుంది. గ్రీన్‌లాండ్, అంటార్కిటికా రెండు చోట్లా ఒకేసారి సల్ఫేటు పెరిగిన పొరలు ఆ కాలంలో ఒకటి కాదు, చాలా ఉన్నాయి. 2013లో వాటిని జతపరిచి జాబితా కట్టారు. సల్ఫేటుకు వేలిముద్ర లేదు, గంధకం ఏ కొండదైనా గంధకమే. టోబా గాజు ముక్క ఒక్కటి ఆ మంచు పొరలో దొరికితే తప్ప ఇదే అని వేలు పెట్టి చూపలేం. దొరికిన రోజున మాత్రం, ఆర్గాన్ వాళ్ల 300 ఏళ్ల సందేహం కన్నా సన్నగా చెప్పగలుగుతాం.

సున్నపురాయి (బుధవారం, ఉదయం 6.30)

మాస్టారికి ఒక విన్నపం. ఆ గోతుల్లో తవ్వకాల వల్ల బూడిద గోడలు ఏటికేడు తగ్గిపోతున్నాయి. నేను మొదటిసారి చూసినప్పుడున్న గోడలు కొన్ని ఇప్పుడు లేవు, చూస్తే గుండె కలుక్కుమంటుంది. ఈసారి పిల్లల్ని తీసుకెళ్లినప్పుడు అడుగు పొరను ముట్టుకోనివ్వకండి. ఆకాశం నుంచి నేరుగా పడింది అదొక్కటే. కింది మట్టికీ బూడిదకూ మధ్య గీత గీసినట్టు హద్దు కనిపించే చోటు దొరికితే, పక్కన స్కేలు పెట్టి ఫోటో తీయించండి, ఏ గోతిలో ఏ వైపు గోడో రాయించండి. రేపు ఎవరైనా ఇంకో గడియారం పట్టుకుని వస్తే వాళ్లకు కావలసింది ఆ హద్దే.

బనగానపల్లె_బడి (బుధవారం, రాత్రి 9.05)

తప్పకుండా సార్. వచ్చే శనివారం వెళ్తున్నాం. స్కేలు, చాక్‌పీసు, నోటుబుక్కు ఆ అమ్మాయికే అప్పగించాను. ఫోటోలు తీసి ఇక్కడే పెడతాను.